ఎలుగుబంటికి ఎన్ని ప్రాణాలు? డ్రూయిడ్ క్లాస్‌ని మన టేబుల్‌కి సరిచేసుకోవడం ఎలా

ఈ ఎపిసోడ్ మొత్తం డ్రూయిడ్ గురించే. మెసేజ్‌లలో ఎక్కువమంది అడిగేది ఇదే. "అన్నా, మా గ్రూప్‌లో ఒకడు డ్రూయిడ్ తీసుకున్నాడు, రెండో లెవెల్‌కే ఆట మొత్తం వాడిదైపోయింది, ఏం చెయ్యాలి?" అని. ఇంకో రకం కూడా వస్తాయి. "అన్నా, నేను డ్రూయిడ్ ఆడుతున్నా, అందరూ నన్ను చీటర్‌లా చూస్తున్నారు, నా తప్పేంటి?" అని. రెండూ ఒకే సమస్యకి రెండు వైపులు. ఇవాళ దాన్ని విప్పి చూద్దాం, తర్వాత సరిచేద్దాం.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే నలుగురైదుగురు ఒక టేబుల్ చుట్టూ కూర్చుని, కలిసి ఒక కథ నడిపే ఆట. ఒకరు డంజన్ మాస్టర్, అంటే కథ చెప్పేవాళ్ళు. మిగతావాళ్ళకి తలా ఒక క్యారెక్టర్. ఏదైనా పని అవుతుందో లేదో తెలియనప్పుడు ఇరవై ముఖాల పాచిక వేస్తారు. హిట్ పాయింట్స్ అంటే ఎన్ని దెబ్బలకి తట్టుకుంటారనే లెక్క. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి 1974లో దీన్ని తెచ్చారు. క్లాస్ అంటే మీ క్యారెక్టర్ వృత్తి: ఫైటర్, విజర్డ్, రోగ్, ఇలా. అందులో ఒకటి డ్రూయిడ్. అడవి మంత్రాలు తెలిసినవాడు, జంతువుగా మారగలిగినవాడు. బాల్డర్స్ గేట్ 3 ఆడినవాళ్ళకి హాల్సిన్ గుర్తుండే ఉంటాడు, ఎలుగుబంటిగా మారే ఆయన. అదే క్లాస్.

ఈ పేరు ఎక్కడిదంటే, పాత కాలంలో కెల్టిక్ జాతుల పూజారుల్ని డ్రూయిడ్‌లు అనేవాళ్ళు. జూలియస్ సీజర్ వాళ్ళ గురించి రాశాడు. ఓక్ చెట్ల గురించి, వాటి మీద పెరిగే మిసిల్టో అనే బదనిక గురించి ప్లినీ రాశాడు. మనకి తెలిసింది చాలావరకు బయటివాళ్ళు రాసిందే, ఎందుకంటే వాళ్ళ విద్యని వాళ్ళు రాతలో పెట్టలేదు. ఆటలో ఉన్న డ్రూయిడ్ మాత్రం ఆ పేరు తీసుకుని గేమ్ డిజైనర్లు కట్టిన వేరే మనిషి. దీన్ని మార్చడానికి భయపడక్కర్లేదని చెప్పడానికే ఇదంతా. మొదటి నుంచీ ఇది అతుకుల బొంతే.

ఎంత అతుకులో చూడండి. 1975లో గ్రేహాక్ అనే సప్లిమెంట్‌లో డ్రూయిడ్ ఒక శత్రువుగా వచ్చాడు, ఆటగాడిగా కాదు. 1976లో ఎల్‌డ్రిచ్ విజర్డ్రీ పుస్తకంలో క్లాస్ అయ్యాడు. 1978 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో ఏడో లెవెల్‌కి వస్తే రోజుకి మూడుసార్లు మారొచ్చు: ఒకసారి పాకే జంతువు, ఒకసారి పక్షి, ఒకసారి క్షీరదం. మారినప్పుడు గాయాలు కొంత మానేవి కూడా. ఇంకో తమాషా ఏంటంటే, అప్పట్లో పై లెవెల్స్‌లో సీట్లు లిమిటెడ్. గ్రేట్ డ్రూయిడ్ ఒక్కడే. ఆ సీటు కావాలంటే అందులో ఉన్నవాడితో పోరాడి గెలవాలి. ప్రమోషన్ కావాలంటే మేనేజర్‌తో కుస్తీ పట్టాలన్నమాట. ఐటీలో ఉన్నవాళ్ళకి బాగా నచ్చే రూల్ అనుకోండి.

తర్వాత 2000లో మూడో ఎడిషన్. ఇక్కడ గొడవ పెద్దదైంది. జంతువుగా మారితే జంతువు బలం, చురుకుదనం వస్తాయి, తెలివి మాత్రం మీదే. ఇంకేముంది, జనం క్యారెక్టర్ తయారుచేసేటప్పుడే బలానికి అడుగు మార్కులు వేసి, మిగిలిన పాయింట్లన్నీ తెలివికి పెట్టేశారు. ఎలాగూ ఎలుగుబంటి బలం ఫ్రీగా వస్తుంది కదా. పైగా నేచురల్ స్పెల్ అనే ఫీట్ తీసుకుంటే జంతు రూపంలో కూడా మంత్రాలు వెయ్యొచ్చు. పక్కన తోడుగా ఒక జంతువు ఎలాగూ ఉంటుంది. అంటే మీరొక ఎలుగుబంటి, మీ పక్కన ఇంకో ఎలుగుబంటి, మంత్రం వేస్తే ఇంకో నాలుగు జంతువులు. ఫైటర్ ఏమో ఒక కత్తి పట్టుకుని నిలబడ్డాడు పాపం. 2009లో నాలుగో ఎడిషన్ వాళ్ళు దీనికి విరుగుడుగా, మారితే మీ లెక్కలేవీ మారవు, కొట్టే పద్ధతి మాత్రమే మారుతుంది అన్నారు. బ్యాలెన్స్ కుదిరింది కానీ, పులైనా ఒకటే, నక్కైనా ఒకటే అనిపించింది.

ఇక మనలో చాలామంది దగ్గర ఉన్నది 2014 ఐదో ఎడిషన్. అసలు సమస్య ఎక్కడుందో లెక్కతో చూద్దాం. కావాలంటే వీడియో ఆపి ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తియ్యండి.

2014 పుస్తకంలో మామూలు డ్రూయిడ్ రెండో లెవెల్‌లో చిన్న జంతువులుగానే మారగలడు, ఛాలెంజ్ రేటింగ్ పావు వరకు. సర్కిల్ ఆఫ్ ద మూన్ తీసుకుంటే మాత్రం అదే లెవెల్‌లో రేటింగ్ ఒకటి వరకు వెళ్ళొచ్చు. అందులో బ్రౌన్ బేర్ ఉంది. దానికి 34 హిట్ పాయింట్స్. మారినప్పుడు ఆ 34 మీకు విడిగా వస్తాయి. అవి అయిపోతే మీ మనిషి రూపం బయటికొస్తుంది, పాత హిట్ పాయింట్స్ అలాగే ఉంటాయి. చివరి దెబ్బలో మిగిలిన ముక్క మాత్రం మీకు తగులుతుంది. ఇలా రెండుసార్లు మారొచ్చు, కాసేపు విశ్రాంతి తీసుకుంటే మళ్ళీ రెండు.

ఇప్పుడు కూడదాం. మూడో లెవెల్ అనుకోండి, ఇద్దరికీ ఒంటి దిట్టం 14. ఫైటర్‌కి 28. డ్రూయిడ్‌కి సొంతంగా 24, దానికి రెండు ఎలుగుబంట్లు, అంటే 68. మొత్తం 92. ఇరవై ఎనిమిదికి తొంభై రెండు. ఎలుగుబంటికి రక్షణ తక్కువ, ఆర్మర్ క్లాస్ 11 మాత్రమే, దెబ్బలు బాగా తగులుతాయి, నిజమే. కానీ ఒక టర్న్‌లో రెండుసార్లు కొడుతుంది, రెండూ తగిలితే సగటున 19 దాకా పోతుంది. పెద్ద కత్తి పట్టుకున్న ఫైటర్ ఒక్క దెబ్బకి సగటున 10. ఐదో లెవెల్‌లో ఫైటర్‌కి రెండో దెబ్బ వస్తుంది, అప్పుడు కొంచెం సర్దుకుంటుంది. డ్రూయిడ్‌కి ఆరో లెవెల్ దాకా పెద్ద జంతువులు రావు. కానీ ఐదో లెవెల్ వచ్చేసరికి ఎన్ని వారాలు పడుతుంది? వారానికి ఒకరోజు ఆడే గ్రూప్‌కి రెండు మూడు నెలలు సులువుగా పడుతుంది. అప్పటిదాకా ఆ ఫైటర్ ఉంటాడా?

మా గ్రూప్‌లో ఫైటర్ ఆడే అబ్బాయి ఒకడున్నాడు. వారమంతా ఆఫీస్, శనివారం రాత్రి ఒక్కటే వాడికి ఖాళీ. రెండు వారాలు బాగానే ఆడాడు. మూడో వారం చూస్తే, తన టర్న్ వచ్చినప్పుడు తప్ప ఫోన్‌లోంచి తల ఎత్తట్లేదు. నాలుగో వారం గ్రూప్‌లో మెసేజ్ పెట్టాడు, "ఈ వారం నేను రాకపోయినా పర్లేదు కదరా, ఎలుగుబంటి ఉందిగా" అని. నవ్వే ఎమోజీ కూడా పెట్టాడు. కానీ అది జోక్ కాదని అందరికీ తెలుసు. ఇలాంటి గ్రూప్‌లు గొడవపడి విడిపోవు. ఒకడు రావడం మానేస్తాడు, తర్వాత ఇంకొకడికి పని పడుతుంది, రెండు నెలలకి గ్రూప్‌లో గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు తప్ప ఏమీ మిగలవు. ఒక రూల్ సరిచెయ్యడం వల్ల నలుగురు స్నేహితులు శనివారం కలుస్తూ ఉంటారంటే, ఆ పని చెయ్యదగ్గదే కదా.

మరి ఎలా సరిచెయ్యాలి? రూల్స్ ముట్టుకునే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఈ రూపం మార్చడం అనేది కామరూపమా, పరకాయ ప్రవేశమా?

మన కథల్లో ఈ రెండూ వేరు వేరు. కామరూపం అంటే తన ఒళ్ళే తను కోరుకున్నట్టు మార్చుకోవడం. మారీచుడు బంగారు లేడి అయ్యాడు. రాముడి బాణం లేడికి తగిలింది, పోయింది ఎవరు? మారీచుడే. లేడికి వేరే ప్రాణం లేదు. పరకాయ ప్రవేశం అలా కాదు. శంకరాచార్యులు అమరుక రాజు శరీరంలోకి ప్రవేశించిన కథ వినే ఉంటారు. తన ఒళ్ళు గుహలో శిష్యుల కాపలాలో ఉంది. రాజు ఒళ్ళు వేరు, తన ఒళ్ళు వేరు.

ఇప్పుడు రూల్స్ చూడండి. 2014 పుస్తకం పేరుకి కామరూపం, లెక్కల్లో మాత్రం పరకాయ ప్రవేశం. ఎలుగుబంటి ఒంటికి విడిగా ప్రాణం ఇచ్చారు, అది పోతే మీ ఒళ్ళు భద్రం. కోడ్ భాషలో చెప్పాలంటే, ఆబ్జెక్ట్‌ని మార్చలేదు, కొత్త ఆబ్జెక్ట్ క్రియేట్ చేసి పాతదాన్ని పక్కన దాచారు. 2024లో వచ్చిన కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ దీన్ని మార్చింది. ఇప్పుడు మీ హిట్ పాయింట్స్ మీవే. మారినప్పుడు మీ డ్రూయిడ్ లెవెల్ ఎంతో అన్ని టెంపరరీ హిట్ పాయింట్స్ వస్తాయి. మూన్ సర్కిల్ అయితే దానికి మూడింతలు. అంటే శుద్ధమైన కామరూపం, మారీచుడి పద్ధతి.

మళ్ళీ మూడో లెవెల్‌కే లెక్క వేద్దాం. సొంతం 24. ఒక్కసారి మారితే 9. రెండోసారి మారితే ఇంకో 9, కానీ టెంపరరీవి కూడవు, పాతవి అయిపోయాకే కొత్తవి పనికొస్తాయి. మొత్తం 42. మూన్ వాళ్ళకి రక్షణ కూడా పెరుగుతుంది: 13కి మీ విజ్డమ్ మోడిఫయర్ కలపాలి, మామూలుగా 16 అవుతుంది. తొంభై రెండు కాస్తా నలభై రెండైంది. ఫైటర్ 28తో పోలిస్తే ఇంకా ఎక్కువే, కానీ ఇప్పుడు దెబ్బ తగిలితే డ్రూయిడ్‌కి నిజంగా భయం వేస్తుంది. ఆ భయం ఉంటేనే ఫైటర్ ముందుకొచ్చి అడ్డం నిలబడటానికి అర్థం ఉంటుంది.

కాబట్టి మొదటి సలహా. మీ దగ్గర 2014 పుస్తకమే ఉన్నా, ఈ ఒక్క లెక్క కొత్తదాని నుంచి తెచ్చుకోండి. ఇంకేం మార్చకపోయినా సగం సమస్య తీరుతుంది. మీకు పరకాయ ప్రవేశమే కావాలి, అదే మజా అంటారా? అలాగే కానివ్వండి, కానీ దానికి తగ్గ ధర పెట్టండి. అసలు ఒళ్ళు ఎక్కడో పడి ఉండాలి, దానికి ఎవరో ఒకరు కాపలా కాయాలి. కథలో ఆ ధర ఎప్పుడూ ఉంది, రూల్స్‌లోనే ఎగరగొట్టారు.

రెండో సలహా: కార్డులు. డ్రూయిడ్ టర్న్ వచ్చినప్పుడు పది నిమిషాలు పుస్తకం తిరగెయ్యడం చూసే ఉంటారు. "ఆగండి ఆగండి, జెయింట్ స్పైడర్ పేజీ ఎక్కడుంది?" అని. 2024 రూల్స్‌లో దీనికీ మందు పెట్టారు: రెండో లెవెల్‌లో నాలుగే రూపాలు తెలిసుంటాయి, తర్వాత ఆరు, ఎనిమిది. అదే వాడుకోండి. ఒక్కో రూపానికి ఒక కార్డు, చేత్తో రాసినా సరే, ఫోన్ నోట్స్ అయినా సరే. అందులో ఐదే విషయాలు: రక్షణ ఎంత, ఎంత దూరం కదులుతుంది, ఎలా కొడుతుంది, ఏ ఇంద్రియం చురుకు, చివరిగా ఏం చెయ్యలేదు. ఆ చివరి గీత మాత్రం మర్చిపోకండి. కుక్కకి వాసన తెలుస్తుంది కానీ తలుపు గడియ తియ్యలేదు. పిల్లి గోడెక్కుతుంది కానీ మాట్లాడలేదు. రూల్ సింపుల్: కార్డు లేదంటే ఆ రూపం లేదు. కొత్త కార్డు కావాలంటే కథలో ఆ జంతువుని చూసి, కాసేపు గమనించి రావాలి. చూసిన జంతువుగానే మారాలని 2014 పుస్తకంలో ఎలాగూ ఉంది, ఎవరూ పట్టించుకోరు. పట్టించుకుంటే కొత్త జంతువు దొరకడం నిధి దొరికినట్టు ఉంటుంది. "పులిని చూడటానికి మూడు రోజులు కొండెక్కుదాం" అని గ్రూప్ అంతా బయలుదేరితే అదే ఒక రాత్రి ఆట.

మూడోది, ఒంటరి గూఢచారి సమస్య. డ్రూయిడ్ ఎలుక అయ్యి కోటలోకి దూరుతుంది. నలభై నిమిషాలు డంజన్ మాస్టర్, ఎలుక ఇద్దరే మాట్లాడుకుంటారు. మిగతావాళ్ళు స్విగ్గీలో ఏం ఆర్డర్ పెట్టాలో చూసుకుంటారు. దీనికి నేను డంజన్ వరల్డ్ అనే ఇంకో ఆట నుంచి ఒక ఐడియా తెచ్చుకున్నా. అందులో జంతువుల లెక్కల పట్టికలే ఉండవు. రెండు పాచికలు వేసి విజ్డమ్ కలుపుతారు. పది దాటితే మూడు పాయింట్లు, ఏడు నుంచి తొమ్మిది అయితే రెండు, అంతకన్నా తక్కువైతే ఒకటి. ఒక్కో పాయింట్ ఖర్చుపెడితే ఆ జంతువు చెయ్యగల పని ఒకటి జరిగిపోతుంది, మళ్ళీ పాచిక వెయ్యక్కర్లేదు. పాయింట్లు అయిపోతే మనిషి రూపం వచ్చేస్తుంది.

దీన్ని మన ఇరవై ముఖాల పాచికకి ఇలా మార్చా. విజ్డమ్ చెక్ వెయ్యండి. 15 దాటితే మూడు, 10 నుంచి 14 అయితే రెండు, లేదంటే ఒకటి. ఇందులో అసలు కిటుకు ఏంటంటే, ఆ పాయింట్లు ఎక్కడ ఖర్చుపెట్టాలో మిగతా ఆటగాళ్ళు చెప్తారు. ఫైటర్ అడుగుతాడు, "కాపలావాళ్ళు ఎంతమంది?" రోగ్ అడుగుతుంది, "వెనక దారి ఉందా?" ఎలుక వెళ్ళి చూసొస్తుంది. పది నిమిషాల్లో సీన్ అయిపోతుంది, నలుగురూ ఆటలో ఉంటారు.

ఇక్కడ ఒక మాట. ఈ మార్పులన్నీ డ్రూయిడ్ ఆడే వాళ్ళని కూర్చోబెట్టి, "నీ పవర్ తగ్గిస్తున్నాం" అని చెప్తే ఎవరికైనా మండుతుంది. మా గ్రూప్‌లో డ్రూయిడ్ ఆడే అమ్మాయితో ఆట లేని రోజు ఫోన్‌లో మాట్లాడా. "నీకు ఈ క్లాస్‌లో ఏది ఇష్టం?" అని అడిగా. తను హిట్ పాయింట్స్ మాటే ఎత్తలేదు. "నాకు జంతువుగా తిరగడం ఇష్టం. రెండుసార్లే ఛాన్స్ ఉంది కాబట్టి ఫైట్ కోసం దాచుకుంటున్నా. పిల్లిగా ఊళ్ళో తిరగాలని ఉంటుంది, కానీ వేస్ట్ అయిపోతుందేమోనని మారను" అంది. అంటే ఆ రూల్ వల్ల ఫైటర్ ఒక్కడే కాదు, డ్రూయిడ్ కూడా తనకి కావాల్సింది ఆడలేకపోతోంది!

అందుకని ఒక చేత్తో తీసుకుంటే ఇంకో చేత్తో ఇచ్చాం. మా హౌస్ రూల్ ఏంటంటే, చిన్న రూపాలు ఫ్రీ. ఛాలెంజ్ రేటింగ్ సున్నా ఉన్నవి, ఎగరనివి: పిల్లి, ఎలుక, కప్ప లాంటివి ఎన్నిసార్లైనా మారొచ్చు. కానీ ఒక్క దెబ్బ తగిలినా రూపం పోతుంది, టెంపరరీ పాయింట్లు ఏమీ రావు. ఆ రోజు నుంచి తను ఎలుగుబంటిగా మారింది చాలా తక్కువ. ఎక్కువసేపు సంతలో పిల్లిలా తిరుగుతూ కబుర్లు మోసుకొస్తోంది. ఫైటర్ అబ్బాయి ఆ పిల్లిని భుజం మీద ఎక్కించుకుని తిరుగుతున్నాడు. ఫోన్ ఎక్కడో బ్యాగ్‌లో ఉంటోంది.

చిన్న జంతువుతో ఏం చేస్తాం అనేవాళ్ళకి ఒక్కటే జవాబు: ఈగ. 2012 రాజమౌళి సినిమా. ఈగకి బలం లేదు, మాట రాదు. నిద్ర పోనివ్వదు, కారు యాక్సిడెంట్ చేయిస్తుంది, చెప్పాల్సింది రాసి చెప్తుంది. రెండు గంటలు మనం కుర్చీ అంచున కూర్చున్నాం. అదే సినిమాలో హీరో ఏనుగుగా పుట్టుంటే ఇరవై నిమిషాల్లో అయిపోయేది. చిన్న రూపంలో ప్రతి పనికీ ఉపాయం కావాలి, ఆ ఉపాయమే ఆట.

సరే, ఇప్పుడు అడవి మంత్రాల సంగతి. ఇక్కడ మూడు చోట్ల ఆట ఇరుక్కుంటుంది.

ఒకటి, కంజ్యూర్ యానిమల్స్. 2014లో ఐదో లెవెల్ డ్రూయిడ్‌కి ఈ మంత్రం వస్తుంది. ఒక్క దెబ్బకి ఎనిమిది తోడేళ్ళని పిలవొచ్చు. ఎనిమిదింటికీ విడివిడిగా పాచిక వెయ్యాలి. తోడేళ్ళు గుంపుగా ఉంటే ఒక్కోదానికి రెండు పాచికలు. ఒక్క టర్న్‌కి పదహారు. టీ పెట్టుకుని తాగి రావొచ్చు. 2024లో దీన్ని ఒకే గుంపుగా మార్చారు, విడివిడి జంతువులు లేవు. మీరూ అలాగే చెయ్యండి. ఎనిమిది తోడేళ్ళ గుంపుని ఒకే జీవిలా చూడండి, ఒకే పాచిక.

రెండు, గుడ్‌బెర్రీ. మొదటి లెవెల్ మంత్రం. పది పండ్లు వస్తాయి, ఒక్కో పండు ఒక మనిషికి ఒకరోజు ఆకలి తీరుస్తుంది. మీరు కరువు సీమ దాటే కథ రాసుకుంటే ఈ ఒక్క మంత్రం ఆకలి అనే మాటే లేకుండా చేస్తుంది. మంత్రాన్ని నిషేధించకండి, నేలకి ముడిపెట్టండి. పచ్చగా ఉన్నచోట పది, ఎండిన చోట రెండు. అప్పుడు ఐదుగురికి రెండు పండ్లు ఉన్నాయి, ఎవరు తింటారు అనేది కథ అవుతుంది. కానీ ఇది ఆట మొదలుపెట్టకముందే చెప్పాలి. మధ్యలో చెప్తే మోసం చేసినట్టు ఉంటుంది.

మూడోది, నేల. 2014 సర్కిల్ ఆఫ్ ద ల్యాండ్‌లో ఎనిమిది రకాల నేలలు ఉన్నాయి: మంచు, తీరం, ఎడారి, అడవి, గడ్డినేల, కొండ, చిత్తడి, పాతాళం. అడవి అంటే ఒక్కటే అడవి, యూరప్ వాళ్ళ ఊహలోది. మీ కథ అలాంటి ప్రపంచంలో జరిగితే ఏ ఇబ్బందీ లేదు, అలాగే ఆడండి. మా టేబుల్ మీద మాత్రం కథ నల్లమల లాంటి అడవిలో నడుస్తుంది, అందుకని కొంత మార్చుకున్నాం. ఎండాకాలం ఆకులన్నీ రాలిపోయే అడవి అది. కాబట్టి మాకు కాలాన్ని బట్టి మంత్రం మారుతుంది. వానాకాలంలో ఎంటాంగిల్ వేస్తే తీగలు గట్టిగా పట్టుకుంటాయి. ఎండాకాలంలో అదే మంత్రం వేస్తే ఎండు తీగలు వస్తాయి, పట్టుకుంటాయి కానీ నిప్పు తగిలితే భగ్గుమంటాయి, లోపల ఉన్నవాళ్ళతో సహా.

జంతువులు మార్చడం ఇంకా సులువు. లెక్కలు అలాగే ఉంచండి, పేరు, ప్రవర్తన మార్చండి. బ్లాక్ బేర్ లెక్కలు మన ఎలుగుబంటికి సరిపోతాయి: 19 హిట్ పాయింట్స్, చెట్టెక్కగలదు. దానికి పుట్టలు తవ్వి చెదలు తినే అలవాటు, తేనె పిచ్చి కలపండి. తోడేలు లెక్కలు రేచుకుక్కకి పెట్టండి, అది కూడా గుంపుగానే వేటాడుతుంది. వీజిల్ లెక్కలు ముంగిసకి. పులికి ఏమీ మార్చక్కర్లేదు, పుస్తకంలోనే ఉంది, రేటింగ్ ఒకటి, 37 హిట్ పాయింట్స్. జంతువు ఎలా ఉంటుందో మనకి తెలిసినప్పుడు వర్ణన దానంతట అదే వస్తుంది. బ్యాడ్జర్ అంటే మా వాళ్ళు గూగుల్ చేశారు. ముంగిస అనగానే, "ఐతే పాము కనిపిస్తే నేను ఆగలేనా?" అని వాళ్ళే అడిగారు. నేను చెప్పాల్సిన పని తప్పింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. తెలుగులో పెట్టాలని ఉత్సాహపడి క్లాస్ పేరు చేతబడి, బాణామతి అని పెట్టకండి. మనకి అది ఆటలో మాట కావచ్చు. మన పల్లెల్లో ఆ మాట ఒకరి మీద పడితే వాళ్ళని కొట్టిన, చంపిన ఘటనలు ఉన్నాయి. అలాగే నల్లమలలో నిజంగా చెంచులు ఉంటారు. వాళ్ళ ఇంటి దేవుళ్ళని, ఆచారాలని తెచ్చి మంత్రాల లిస్ట్ చెయ్యకండి. అడవి తీసుకోండి, జంతువుల్ని తీసుకోండి, మనుషుల్ని మాత్రం మీరే కొత్తగా ఊహించుకోండి. మేం మా క్లాస్‌కి "కామరూపి" అని పెట్టుకున్నాం. చిన్న మాట, అర్థం తెలుస్తుంది, ఎవరినీ గుచ్చదు.

ఇంకో ప్రశ్న కూడా వస్తుంటుంది: "అన్నా, ఇలా మార్చినవి రాసి పెట్టొచ్చా, కాపీరైట్ సమస్య రాదా?" అని. 2023 జనవరిలో ఐదో ఎడిషన్ మూల రూల్స్ డాక్యుమెంట్‌ని క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద విడుదల చేశారు. ఆ డాక్యుమెంట్‌లో ఉన్నవాటిని మార్చుకోవచ్చు, తెలుగులో రాసుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా, ఎక్కడి నుంచి తీసుకున్నారో చెప్తే చాలు. అందులో డ్రూయిడ్ ఉన్నాడు, కానీ సర్కిల్ ఆఫ్ ద ల్యాండ్ మాత్రమే ఉంది, మూన్ లేదు. కాబట్టి మీరు పబ్లిక్‌గా పెట్టేదేదైనా ల్యాండ్ మీద కట్టండి. మీ టేబుల్ దగ్గర ఆడుకోవడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

చివరిగా, వీటిలో ఏది మార్చినా నేరుగా మీ పెద్ద కథలో పెట్టకండి. ప్రొడక్షన్‌లో టెస్ట్ చెయ్యకూడదని మనందరికీ తెలుసు కదా. ఒక్క రాత్రిలో అయిపోయే చిన్న కథ ఒకటి ఆడండి, మూడో లెవెల్ క్యారెక్టర్లతో. రెండు ఫైట్లు, ఒక గూఢచారి సీన్, ఒక రాత్రి అడవిలో మకాం. అయిపోయాక ఒక్కొక్కరినీ ఒకే ప్రశ్న అడగండి: "ఇవాళ నువ్వు లేకపోతే ఏది జరిగేది కాదు?" ఫైటర్ దగ్గర జవాబు ఉంటే మీ డ్రూయిడ్ సరైన చోటే ఉన్నట్టు. జవాబు దొరక్క నవ్వేసి ఊరుకుంటే లెక్క ఇంకా కుదరలేదు, మళ్ళీ కూర్చోండి.

మొత్తం మార్పులు ఇంకోసారి చెప్తా, స్క్రీన్‌షాట్ తీసుకునేవాళ్ళు తీసుకోండి. సొంత హిట్ పాయింట్స్, పైన టెంపరరీ. నాలుగు కార్డులు, ఒక్కోదానిలో చెయ్యలేనిది ఒకటి. గూఢచారి సీన్‌లో ప్రశ్నలు మిగతావాళ్ళవి. చిన్న రూపాలు ఫ్రీ. గుంపుకి ఒకే పాచిక. మంత్రం నేలని బట్టి.

మీ టేబుల్‌లో డ్రూయిడ్ ఏ జంతువుగా మారుతున్నాడో, దానివల్ల ఎవరు ఫోన్ చూస్తూ కూర్చున్నారో కామెంట్స్‌లో రాయండి. మన ప్రాంతం జంతువుల కార్డులు మీరేమైనా తయారుచేస్తే అవి కూడా పంపండి, మంచివి తర్వాతి ఎపిసోడ్‌లో మా టేబుల్ మీద ఆడి చూపిస్తాం. ఈ శనివారం మాకు సెషన్ ఉంది, పులి కోసం కొండెక్కుతున్నారు మావాళ్ళు. ఉంటానండీ, మళ్ళీ కలుద్దాం.